ఒడెట్ ఏడవాలని నిజ్వాకి వెళ్లాను

మస్కట్ వచ్చి ఇంకా నెల నిండలేదు గానీ, యానాంలోని మా సంఘం కుర్రకారు వాట్సాప్‌లో ఊపిరాడనివ్వడం లేదు. ఫ్రెంచివాళ్ల మధ్య సేవ ఎలా ఉందక్కా, ఫొటోలు పెట్టవేం, మేమూ రావచ్చా అని ఒకటే ప్రశ్నలు. విడివిడిగా జవాబులిచ్చే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందు ఒక అపోహ తీర్చాలి. ఇక్కడ ఫ్రెంచి మాట్లాడేవాళ్లు సూటూబూటూ వేసుకున్న ఫ్రాన్సు దొరలు కారు. కామెరూన్, కాంగో, బురుండి లాంటి దేశాల నుంచి ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం, మస్కట్‌లో రువీ అనే పేటలోని చర్చి ఆవరణలో మలయాళం కూడికకీ తమిళ కూడికకీ మధ్య దొరికిన హాల్లో కలుసుకుంటారు. వాళ్లకి సహాయంగా ఒక మనిషి కావాలని అడిగితే, యానాం పిల్లకి ఫ్రెంచి రాకుండా ఎలా ఉంటుందని మా మిషన్ పెద్దలు నా పేరు రాసేశారు.

నిజానికి యానాంలో ఫ్రెంచి బోర్డుల మీద ఎక్కువ, నోళ్లలో తక్కువ. నాకొచ్చింది బడిలోనూ పాండిచ్చేరి కాలేజీలోనూ నేర్చుకున్న పుస్తకాల భాష. మొదటి శుక్రవారం నేను లేచి నన్ను నేను పరిచయం చేసుకుంటుంటే, ఆ గుంపుకి పెద్దదిక్కయిన కాంగో ఆవిడ బియాట్రిస్, పక్కావిడ చెవిలో మన బడి తనిఖీకి అధికారి వచ్చినట్టుందని అంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల బాగా ఉడుక్కున్నాను. మన దగ్గర కానుకల సంచీ వరుసల మధ్య చడీచప్పుడూ లేకుండా తిరుగుతుందా, వీళ్లు కానుక చేత్తో పట్టుకుని, డప్పుకి అడుగులు వేసుకుంటూ ముందుకి తెస్తారు. పలకరింపులకే అరగంట పడుతుంది. మూడో శుక్రవారానికి నన్ను మొదటిసారి వాక్యం చెప్పమన్నారు. ఈసారి ఎవరూ నవ్వకుండా చెప్పి తీరాలని పంతం పట్టి, రోజూ అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను.

ఆ వారం సోమవారం ఒడెట్ తల్లి చనిపోయింది. ఒడెట్ కామెరూన్ అమ్మాయి, ముప్ఫై దాటి ఉంటాయి. నిజ్వాలో ఒక ఒమానీ ఇంట్లో మంచంలో ఉన్న ముసలావిడను చూసుకునే పని. వీలైన శుక్రవారం బస్సెక్కి మస్కట్ వచ్చేది. నేను ఒక్కసారే చూశాను, పాట ఎత్తుకుంటే హాలు నిండిపోయే గొంతు. ఆ గొంతుతోనే బియాట్రిస్‌కి వాయిస్ మెసేజ్ పెట్టింది. అమ్మ పోయింది, శనివారం ఊళ్లో మట్టి చేస్తారు, శుక్రవారం నేను రాను, నన్ను రమ్మని అడగకండి. అంతే. తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఎత్తలేదు.

బియాట్రిస్ ఆ మెసేజ్ నాకు రెండుసార్లు వినిపించింది. ఈ పిల్ల ఇంకా ఏడవలేదు, గొంతులో తెలుస్తోంది కదా అంది. వాళ్లలో మట్టి చేసే ముందు రోజు అందరూ పోయినవాళ్ల బిడ్డ చుట్టూ నేల మీద కూర్చుంటారట. బిడ్డ తన తల్లి గురించి చెబుతుంది, మిగతావాళ్లు పాడతారు, అందరూ కలిసి ఏడుస్తారు. అది జరగకుండా తల్లి మట్టిలోకి వెళ్లిపోతే ఆ బిడ్డకి ఇక ఎప్పటికీ ఏడుపు రాదని బియాట్రిస్ నమ్మకం. నిజ్వా వెళ్లి ఆ ఇంట్లోనే కూర్చుందామంటే కుదరదు. ఇక్కడ మనకి అనుమతి ఉన్నది చర్చి ఆవరణలో మాత్రమే. బయట కూడికలు పెట్టకూడదు, ఇతర మతస్థులకి బోధించకూడదు. నేను దిగిన రోజే మా పెద్దలు కూర్చోబెట్టి చెప్పిన మొదటి సంగతి అది. కాబట్టి శుక్రవారానికి ఒడెట్‌నే రువీకి తీసుకురావాలి. మిగతా ఆడవాళ్లందరికీ ఇళ్లలో డ్యూటీ ఉంది, ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. పైగా ఆ ఇంట్లో వంటావిడ మన తెలుగావిడ, కడప మనిషి, పేరు రమణమ్మ. అన్నీ నా వైపే చూపిస్తున్నాయి. తీసుకొస్తానని మాటిచ్చేశాను. అమ్మ నన్ను మొండిఘటం అనేది ఇందుకే.

గురువారం ఉదయం రువీలో ఎర్ర బస్సెక్కాను. మస్కట్ నుంచి నిజ్వాకి టికెట్టు రెండు రియాళ్ల చిల్లర, ప్రయాణం రెండున్నర గంటల లోపు. ఏసీ గట్టిగా వేస్తారు, చున్నీ దగ్గర పెట్టుకోండి. ఊరు దాటి బిద్‌బిద్ వైపు తిరగ్గానే రెండు పక్కలా చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు మొదలవుతాయి. మధ్యమధ్యలో పచ్చగా ఖర్జూరం తోట కనిపించిందంటే అక్కడ ఊరున్నట్టు. నేను వాటిని పెద్దగా చూడలేదు. ఒడెట్‌కి చెప్పాల్సిన ఆదరణ మాటలు ఫ్రెంచిలో రాసుకుంటున్నాను. మన సంఘాల్లో ఎవరైనా పోతే ఆదరణ కూడిక పెడతాం కదా, సేవకులు వచ్చి వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, ఇంటివాళ్లని ఓదార్చి వెళతారు. నాకు తెలిసిన పద్ధతి అదే. దానితోపాటు ఒడెట్ యజమానురాలిని ఎలా ఒప్పించాలో ఇంగ్లీషులో ఒకటీ హిందీలో ఒకటీ సిద్ధం చేసుకున్నాను. ఆవిడ పంపనంటుందనీ, నేను పోట్లాడాల్సి వస్తుందనీ ఖాయంగా అనుకున్నాను.

దారి కనుక్కుందామని రమణమ్మకి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. పేరు లింగన్న, జగిత్యాల వైపు మనిషి, నిజ్వాలో ఒక కంపెనీ సైట్‌లో పని. బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, దాని పని మీద మస్కట్ వచ్చి తిరిగి వెళుతున్నాడు. ఏడ దిగుతవ్ చెల్లె అని అడిగి, కోట దగ్గర దిగమనీ, టాక్సీ ఎక్కే ముందే రేటు మాట్లాడుకోమనీ చెప్పాడు. నేను ఎందుకు వెళుతున్నానో చెబితే ముందుకి తిరిగిపోయాడు. సమాయిల్ దాటాక మళ్లీ తిరిగాడు.

"మా నాయిన పోయిన దినం నేను సైట్ల ఉన్న చెల్లె. ఫోన్ అచ్చింది. జేబుల పెట్టుకొని మల్ల కంకర మోసిన. ఎవ్వలకు చెప్పలే. చెప్తే పని ఆగుతదని గాదు, చెప్తే నిజమైతదని."

సాయంత్రం రూమ్‌కి వెళితే ముఖం చూసి తోటివాళ్లకి అర్థమైపోయిందట. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకడు అన్నం వండాడు, ఒకడు ఇతని డ్యూటీ బట్టలు పిండి ఆరేశాడు. ఆ ఆరేసిన బట్టలు చూశాక ఏడుపొచ్చిందని చెప్పాడు. నేను తల ఊపి, మళ్లీ నా కాగితాల్లో పడ్డాను.

నిజ్వాలో కోట గుండ్రటి బురుజు చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మర్నాడు శుక్రవారం మేకల సంత కాబట్టి అప్పటికే బళ్లు దిగుతున్నాయి. టాక్సీ ఆయన రెండు రియాళ్లు అన్నాడు, లింగన్న మాట గుర్తుంచుకుని ఒకటికి దింపాను. తోటల మధ్య సన్నటి రోడ్డు, పక్కనే నీళ్ల కాలువ, అది దాటాక ఎత్తైన గోడల ఇల్లు. గేటు దగ్గర రమణమ్మ కొంగు నడుముకి చుట్టుకుని ఎదురుచూస్తోంది. యాభై దాటిన మనిషి. నడుముకి ఒక చెయ్యి ఆనించి మెల్లగా నడుస్తోంది.

"వచ్చినావా పాపా. ఎండకి మొగం వాడిపోయిండాది. ముందు మజ్జిగ తాగు, మాటలు మళ్ల."

మజ్జిగ తాగుతుంటే విషయం చెప్పింది. ఫోన్ వచ్చినప్పటి నుంచీ ఒడెట్ కూర్చోవడం లేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది, ఏడవమంటే మాత్రం విననట్టే ఉంటోంది. మేడం పంపదేమోనని నేను అనుమానంగా అడిగితే రమణమ్మ నన్ను వింతగా చూసింది.

"మేడం పొమ్మనే చెప్తాండాది కదా. ఈ పిల్లే కదలడంల్యా."

ఇంగ్లీషులో ఒకటీ హిందీలో ఒకటీ నేను తయారుచేసుకున్న పోట్లాటలు రెండూ అక్కడితో చల్లబడ్డాయి. అయినా నా దగ్గర ఆదరణ మాటలున్నాయి కదా అనుకుంటూ వంటగదిలోకి వెళ్లాను.

ఒడెట్ సింకు దగ్గర నిలబడి ఒక గిన్నె తోముతోంది. నన్ను చూసి మంచి మర్యాదగా పలకరించింది, ప్రయాణం బాగా జరిగిందా అని కూడా అడిగింది. నేను స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. బస్సులో రాసుకున్నదంతా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. దుఃఖపడేవారి గురించి, నిరీక్షణ గురించి, మళ్లీ కలుసుకోవడం గురించి. నా ఫ్రెంచి అంత బాగా ఎప్పుడూ రాలేదు, లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది. కుళాయి మాత్రం ఆగడం లేదు, గిన్నె తిరుగుతూనే ఉంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె వెనక్కి తిరగకుండానే అంది.

"సిస్టర్, మా అమ్మ పేరేమిటో మీరింకా అడగలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. మన ఆదరణ కూడికల్లో పోయినవాళ్ల పేరు అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, అందరికీ తెలిసినవాళ్లే. పైగా పాస్టరు గారు వస్తే మాట్లాడాల్సింది ఆయనే, వినాల్సింది ఇంటివాళ్లు. ఆ పద్ధతిని అలాగే మోసుకుంటూ వచ్చి నేను ఈ అమ్మాయి మీద దింపేశాను. క్షమించమని, పేరు అడిగాను. క్లెమెంతీన్ అని చెప్పి కుళాయి కట్టేసింది. వాళ్ల ఊళ్లో చావింటికి వచ్చినవాళ్లు గడపలోనే అడుగుతారట: పేరేమిటి, ఎవరి కూతురు, చేతి వంట ఎలా ఉండేది అని. అవన్నీ విన్నాకే ఎవరైనా ఒక మంచిమాట చెబుతారు. నేనూ అడిగాను. క్లెమెంతీన్ చేమదుంపలు దంచి పసుపుపచ్చటి పులుసుతో పెట్టేదట, సంతలో బేరం ఆడితే ఎదుటివాళ్లే అలిసిపోయేవారట. చెబుతున్నప్పుడు కూడా ఒడెట్ కళ్లు పొడిగానే ఉన్నాయి. మరి శుక్రవారం రావచ్చు కదా అని అప్పుడడిగాను.

"చివర్లో మంచాన పడ్డ అమ్మని పక్కకి తిప్పే మనిషి లేదు," అంది. "తమ్ముడి భార్య పొలానికి వెళ్లేది. వీపంతా పుండ్లు. వద్దన్నా ఫోన్‌లో చూశాను. లోపలికి వెళ్లి జద్దా వీపు చూడండి, ఒక్క మచ్చ ఉండదు. నేను మస్కట్లో కూర్చుని ఏడుస్తుంటే ఆమెని ఎవరు తిప్పుతారు?"

జద్దా అంటే నాయనమ్మో అమ్మమ్మో. ఆ ఇంటి ముసలావిడని అందరూ అలాగే పిలుస్తారు. మేడం ఆవిడ కూతురే, బళ్లో టీచరు. కూతురు తిప్పబోతే తల్లి చేతకానిదానివని తిట్టి పంపేస్తుందట. రమణమ్మ నడుము వంగదు. ఇంకో మనిషిని జద్దా తన దగ్గరికి రానివ్వదు. ఒడెట్ మొండికేయడం కాదు, తన తల్లికి జరిగింది ఇంకొకరికి జరగనివ్వకూడదని నిలబడిపోయింది. అది అర్థమయ్యాక నాకు ఇంకేమీ ఆలోచించాలనిపించలేదు. యానాం వదలకముందు కాకినాడ వైపు ఒక ఆసుపత్రి వార్డులో ఆయాగా పనిచేశాను నేను. మంచంలో ఉన్నవాళ్లని తిప్పడం నాకు తెలిసిన పనే. నేనుంటాను, నువ్వు వెళ్లు అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, శుక్రవారం నా మొదటి వాక్యం. బియాట్రిస్‌కి ఫోన్ చేసి, ఒడెట్ వస్తుంది, నేను రాలేనని చెప్పాను. చాలా మంచిదంది. నా వాక్యం సంగతి మాటవరసకైనా ఎత్తలేదు. కొంచెం బాధేసిందని దాచను.

మేడం బడి నుంచి వచ్చాక హాల్లో కూర్చోబెట్టి ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో యాలకుల కాఫీ పెట్టింది. వాళ్లలో చావుకి మూడు రోజులు ఇలాగే కాఫీ పెట్టుకుని పరామర్శకి కూర్చుంటారట. ఒడెట్ కోసం కూడా ఇరుగుపొరుగు ఆడవాళ్లని పిలిచి ఈ హాల్లోనే పరామర్శ పెట్టానని, ఒడెట్ మాత్రం వచ్చినవాళ్లకి కాఫీ పోస్తూ తిరిగిందే తప్ప ఒక్క నిమిషం కూర్చోలేదని ఇంగ్లీషులో చెప్పింది. చెబుతుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈవిడతో పోట్లాడదామనా నేను వచ్చాను అని సిగ్గనిపించింది. నేను ఉంటానన్న మాట చెప్పగానే కప్పు కింద పెట్టి నా వైపు సూటిగా చూసింది.

"మీరు బోధకురాలు కదా. మా అమ్మతో మతం మాట్లాడతారా?"

"లేదు మేడం. పక్కకి తిప్పుతాను, అన్నం తినిపిస్తాను. అంతే."

అయితే అమ్మ ఒప్పుకోవాలి అంది ఆవిడ.

జద్దా గదిలో కిటికీ పక్కన మంచం. చిన్న మనిషి, తలకి నల్ల గుడ్డ, చేతులకి గోరింట. ఒడెట్ నన్ను పరిచయం చేయగానే నేను వార్డులో అలవాటు ప్రకారం చకచకా మంచం దగ్గరికి వెళ్లి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టాను. ముసలావిడ నా చేతి మీద చెళ్లున కొట్టింది. ఏదో అరబీలో గట్టిగా అంది కూడా. ఒడెట్ నన్ను మెల్లగా వెనక్కి లాగింది. ఆవిడ బిస్మిల్లా అని అల్లా పేరు తలుచుకునేదాకా ఆగాలట. ముందు చేతులు చూపించాలి, ఆవిడ తన మాట తను అనుకుంటుంది, ఆ తర్వాత ముట్టుకోవాలి. వార్డులో ఒకరి తర్వాత ఒకరిని తిప్పుకుంటూ పోయేదాన్ని, ఎవరి మాట కోసమూ ఆగిందాన్ని కాను. వంటగదిలో ఒకసారి, ఇక్కడొకసారి, ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటే, మంచి చేయడానికి మరీ తొందరపడటం. మళ్లీ వెళ్లి, చేతులు చూపించి నిలబడ్డాను. జద్దా నన్ను ఎంతసేపు ఎదురుచూడనివ్వాలో అంతసేపూ ఎదురుచూడనిచ్చి, పెదవులు కదిపి, కళ్లు మూసుకుంది. తిప్పాను. వీపు మీద నిజంగానే ఒక్క మచ్చ లేదు.

ఆ సాయంత్రమంతా ఒడెట్ దగ్గర శిష్యరికం. మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలి, ఎడమవైపు ఎందుకు ఎక్కువసేపు ఉంచకూడదు, మందులు పెరుగులో కలిపితే ఊసేస్తుంది కాబట్టి ఖర్జూరంలో పెట్టాలి, అన్నీ చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పింది. నేను వినయంగా విన్నాను, అది నాకు అంత తేలికగా వచ్చే గుణం కాదని మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. రాత్రికి రమణమ్మ తన పువ్వుల నైటీ ఒకటి ఇచ్చింది. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. నన్ను చూసి తను చాలారోజుల తర్వాత నవ్వానంది.

శుక్రవారం పొద్దున మేడం భర్త మేకల సంతకి వెళుతూ ఒడెట్‌ని బస్సు దగ్గర దింపుతానన్నాడు. ఒడెట్ నల్ల గౌను వేసుకుని వచ్చి కారు తలుపు పట్టుకుని ఎక్కకుండా నిలబడిపోయింది. రెండుసార్లు లోపలికి వెళ్లి జద్దాని చూసొచ్చింది. మూడోసారి వెళ్లబోతుంటే రమణమ్మ అడ్డం నిలబడింది.

"పో తల్లీ. ఇద్దరం ఉండాం కదా. నీ అమ్మకి నువ్వు తప్ప ఎవరుండారు ఏడ్చేదానికి?"

రమణమ్మ తెలుగు ఒడెట్‌కి రాదు. అయినా ఆ మాటకి తలొంచుకుని కారెక్కింది.

రోజంతా నేను ఆ గది వదల్లేదు. రెండేసి గంటలకోసారి చేతులు చూపించి నిలబడటం, జద్దా తన మాట అనుకోవడం, తిప్పడం. మధ్యాహ్నం ఇంట్లో మగవాళ్లు నమాజుకి వెళ్లారు, ఇల్లు నిశ్శబ్దమైంది. ఈపాటికి రువీలో హాలు నిండి ఉంటుంది, నేను అక్కడ నిలబడి ఉండాల్సిన సమయమిది అని మనసు అటు లాగింది. నాలుక చివరన ఉన్న ఫ్రెంచి మాటలన్నీ ఎవరికీ పనికిరాకుండా ఉండిపోయాయి. జద్దాకి ఖర్జూరంలో మందు పెట్టి తినిపించాను. మూడోది ఊసింది, నాలుగోది మింగింది. రమణమ్మ గుమ్మంలో పీట వేసుకుని కొత్తిమీర ఏరుతూ ఊరి కబుర్లు చెబుతోంది. జద్దాకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతు కోసం చెవి అటే పెట్టింది.

ఫోన్ మోగింది. ఒడెట్. వెనకాల జనం గొంతులు, ఎవరో మెల్లగా డప్పు తడుతున్నారు. వాళ్లందరూ చుట్టూ కూర్చున్నారని, ఒడెట్ అప్పటికింకా ఏమీ చెప్పలేదని బియాట్రిస్ నాతో తర్వాత చెప్పింది. ఒడెట్ నన్ను అడిగింది ఒకటే మాట, జద్దాని తిప్పారా అని. తిప్పాను, ఇప్పుడు కుడివైపు ఉంది, దిండు పెట్టాను, వీపు శుభ్రంగా ఉందన్నాను. మళ్లీ అడిగింది, నిజంగానా అని. నిజంగా అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. ముందు ఊపిరి అందనట్టు ఒక చప్పుడు, తర్వాత పెద్దగా, మా అమ్మా మా అమ్మా అని తన భాషలో. వెనకాల ఆడవాళ్లందరి గొంతులూ ఒక్కసారి లేచాయి. పాటో ఏడుపో నాకు తెలియలేదు. నేనూ ఏడ్చేశాను. గబగబా ఏదో ఒక ఓదార్పు మాట అనబోయాను. జద్దా నా మణికట్టు పట్టుకుంది, ఫోన్ వైపు గడ్డం చూపించి రెండు మాటలు అంది. గుమ్మంలోకి వచ్చిన మేడం నాకు ఇంగ్లీషులో చెప్పింది, ఏడవనివ్వు అంటోందని. నేను నోరు మూసుకుని ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం చీకటి పడుతుండగా ఒడెట్ తిరిగొచ్చింది. కళ్లు ఉబ్బిపోయి, గొంతు పూర్తిగా పోయి, మాట గాలిలా వస్తోంది. సరాసరి జద్దా గదిలోకి వెళ్లి చేతులు కడుక్కుని, చూపించి నిలబడింది. జద్దా ఈసారి వెంటనే తన మాట అనుకోలేదు. ఒడెట్‌ని దగ్గరికి రమ్మని, ఆ పగిలిన అరచేతిని తన గోరింట చేతుల్లో పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉంచుకుంది. ఒడెట్ మంచం పక్కన నేల మీద కూర్చుంది. సోమవారం నుంచీ ఈ ఇంట్లో ఆ పిల్ల కూర్చోవడం ఇదే మొదటిసారని రమణమ్మ నా చెవిలో చెప్పింది. ఒడెట్ సంచిలోంచి అల్యూమినియం కాగితం పొట్లం తీసి నాకిచ్చింది. కూడికలో వండిన వేపుడు అరటికాయ, చేప. నా వంతు అని బియాట్రిస్ విడిగా కట్టి పంపిందట. చల్లారిపోయింది, ఉప్పు ఎక్కువైంది, ఒక్క ముక్క కూడా వదల్లేదు. శనివారం ఊళ్లో మట్టి చేసేటప్పుడు ఒడెట్ ఫోన్‌లో చూసింది. పక్కన మేడం, రమణమ్మ కూర్చున్నారు. మధ్యాహ్నం బస్సుకి నేను మస్కట్ వచ్చేశాను.

ఫ్రెంచివాళ్ల మధ్య సేవ ఎలా ఉందని అడిగారు కదా. నాకింకా పూర్తిగా తెలియదు. వాక్యం చెప్పే అవకాశం నాకు మళ్లీ ఎప్పుడు వస్తుందో కూడా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చే శుక్రవారం హాల్లో వెనక వరుసలో కూర్చుని వాళ్ల పాటలు నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. డప్పుకి అడుగు వేయడం కూడా నేర్చుకుంటాను, నవ్వితే నవ్వనివ్వండి. ఇక్కడికి వచ్చింది చెప్పడానికని అనుకున్నాను. ఒక ముసలావిడ పెదవులు కదిలేదాకా చేతులు చాపుకుని నిలబడటం ఇంత కష్టమని, ఆ కష్టమే నేను పడాల్సిందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో. ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ అలా నిలబడటం వదలకూడదని గట్టిగా అనుకుంటున్నాను. మీలో ఎవరైనా రావాలనుకుంటే ఆ గుండె దిటవుతోనే రండి, భాష రాకపోయినా ఫరవాలేదు.

రావాలనుకునేవాళ్లకి ఒక చిన్న సలహా. నిజ్వాకి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు, బస్సులున్నాయి. అయినా సరే, ఎవరి ఇంటికైనా వెళుతున్నట్టయితే సంచిలో ఒక జత బట్టలు పెట్టుకోండి.